పాత గ్రౌండును సాగనంపడం ఎలా?

మీ ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త స్టేడియానికి మారుతోందని తెలిసిన రోజు నుంచి అభిమానులందరిదీ ఒకటే ప్రశ్న: ఆఖరి మ్యాచ్‌కు టికెట్ దొరుకుతుందా? ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఆఖరి మ్యాచ్ పెళ్లిపందిరి లాంటిది. అక్కడ అందరూ కనబడతారు, ఎవరితోనూ మాట తీరదు. ప్రసంగాలు, పాత ఆటగాళ్ల ఊరేగింపు, టీవీ కెమెరాలు, ఎక్కడ చూసినా పైకెత్తిన ఫోన్లు. అది క్లబ్బు జరిపే వీడ్కోలు. మీరు చెప్పాల్సిన వీడ్కోలు వేరే ఉంది. దానికి టికెట్ సులువుగానే దొరుకుతుంది, కానీ ఒక సీజన్ ముందు నుంచీ సిద్ధపడాలి.

1. తేదీ తెలుసుకోండి, దాన్ని నమ్మకండి

షెడ్యూలు రాగానే సొంత గ్రౌండులో చివరి మ్యాచ్ ఏదో చూసి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటాం. ఆ గుర్తు పెన్సిలుతో పెట్టండి. లండన్ క్లబ్బు వెస్ట్ హామ్ 1904 నుంచి ఆడిన అప్టన్ పార్క్‌లో చివరి ఆట స్వాన్సీతో అనే చాలామంది అనుకున్నారు. లీగ్‌తో పాటు నడిచే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ వల్ల వాయిదా పడిన మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ దాని వెనక వచ్చి కూర్చుంది. 2016 మే 7న స్వాన్సీ చేతిలో 1–4తో ఓడిన శనివారం ఉత్త శనివారంగా మిగిలిపోయింది. మూడు రోజుల తర్వాత యునైటెడ్‌పై 3–2తో గెలిచిన రాత్రిని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు ‘చివరిది’ అన్న మాటే జారిపోయే మాట. సౌతాంప్టన్ క్లబ్బు తన పాత గ్రౌండు ది డెల్‌లో ఆడిన చివరి లీగ్ మ్యాచ్ 2001 మే 19న ఆర్సెనల్‌తో. మ్యాట్ లె టిస్సియే ఆట ముగుస్తుందనగా కొట్టిన గోలుతో 3–2 గెలుపు. అంతకంటే మంచి ముగింపు ఎవరూ కోరుకోరు. అయినా ఆ తర్వాత బ్రైటన్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ అక్కడే జరిగింది. ఇక లివర్‌పూల్ నగరపు క్లబ్బు ఎవర్టన్ సంగతి చూడండి. 1892 నుంచి తమదైన గుడిసన్ పార్క్‌లో 2025 మే 18న సౌతాంప్టన్‌పై 2–0తో గెలిచి పురుషుల జట్టు సెలవు తీసుకుంది. ఇకపై మహిళల జట్టు అక్కడ ఆడుతుందని క్లబ్బు అదే నెలలో ప్రకటించింది. కూలిపోతుందనుకుని ఏడ్చినవాళ్లు మళ్లీ అక్కడికే టికెట్ కొనుక్కుని వెళ్లవచ్చు.

కాబట్టి క్లబ్బు కార్యాలయాన్ని సూటిగా అడగండి. చివరి లీగ్ మ్యాచ్ ఏది? కప్ మ్యాచ్‌లేమైనా పడవచ్చా? వీడ్కోలు కోసం ప్రత్యేక మ్యాచ్ ఉందా? యువ జట్లు, మహిళల జట్టు ఇంకా ఆడతాయా? ఖాళీ స్టేడియం చూపించే పర్యటనలు ఎప్పటిదాకా ఉంటాయి? ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది.

అడగడానికి కూడా అవకాశం దొరకనివాళ్లు ఉన్నారు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో సాన్ లొరెంజో క్లబ్బు తన పాత గ్రౌండు గాసోమెత్రోలో 1979 డిసెంబరు 2న బోకా జూనియర్స్‌తో 0–0గా ఆడింది. గోలు లేని డ్రా. ఇంటికి పోయి మరచిపోయే ఆట. అదే అక్కడ చివరి మ్యాచ్ అయింది. సైనిక పాలన కాలంలో క్లబ్బు ఆ స్థలాన్ని వదులుకోవాల్సి వచ్చింది, తర్వాత అక్కడ పెద్ద సూపర్‌మార్కెట్ లేచింది. అభిమానులు దశాబ్దాల పాటు పోరాడితే, స్థలం క్లబ్బుకు తిరిగి దక్కేలా నగర శాసనసభ 2012లో చట్టం చేసింది. తేదీ ముందే తెలియడం ఎంత భాగ్యమో వాళ్లను తలచుకుంటే అర్థమవుతుంది.

2. మీ సొంత ఆఖరి మ్యాచ్‌ను ఎంచుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. చివరి మ్యాచ్‌కు ఐదారు వారాల ముందు, పట్టికలో మధ్యలో ఉన్న ఏదో జట్టు వచ్చే రోజు చూసుకోండి. పెద్ద ప్రత్యర్థి వద్దు, కప్ వద్దు. స్టాండులో అక్కడక్కడా సీట్లు ఖాళీగా ఉండాలి. గ్రౌండు మీకు తెలిసిన మొహంతో, అలంకారం లేకుండా కనబడే చివరి రోజు అదే.

గేట్లు తెరిచే సమయానికే వెళ్లండి. ఎప్పుడూ వెళ్లే దారిలోనే వెళ్లండి, దగ్గరి దారి దొరికినా సరే. లోపలికి వెళ్లాక నేరుగా సీటు దగ్గరికి పోకుండా, మెట్లెక్కి పచ్చిక మొదటిసారి కంటపడే మలుపు దగ్గర ఆగండి. చిన్నప్పుడు ఊపిరి ఆగినంత పనైంది అక్కడే. వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటే పక్కకు జరగండి, వెళ్లిపోకండి.

విరామంలో, సిబ్బంది ఒప్పుకుంటే, మీరెన్నడూ కూర్చోని స్టాండు వైపు నడిచి చూడండి. ఇరవై ఏళ్లుగా మీరు తిట్టిపోసిన స్తంభం అక్కడి నుంచి ఎంత సన్నగా ఉందో చూసి నవ్వుకుంటారు. రెండో సగంలో ఒక పావుగంట ఫోను జేబులో పెట్టి, బంతిని వదిలేసి మిగతావన్నీ చూడండి. పైకప్పు నీడ గడ్డి మీద ఎంతవరకు పాకింది, మూల జెండా ఎటు ఊగుతోంది, ముందు వరుసలో ఎప్పుడూ లేచి నిలబడే ఆ మనిషి ఇవాళ వచ్చాడా.

విజిల్ ఊదాక కదలకండి. మామూలు రోజున సిబ్బంది పది నిమిషాలు చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఖాళీ అవుతున్న స్టాండులో మడత సీట్లు ఒకటొకటిగా పైకి లేస్తూ చేసే చప్పుడు మీకోసమే ఉంటుంది. ఆఖరి మ్యాచ్ రోజు ఆ పది నిమిషాలు ఎవరికీ దొరకవు.

3. ఫొటోలు: పచ్చికను వదిలి పచ్చికేతరం తీయండి

గ్రౌండు నడిబొడ్డు ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. మీరు మళ్లీ తీయనక్కరలేదు. ఎవరూ తీయనివి తీయండి: మీ వరుస నంబరు రాసిన రంగు వెలిసిన పలక, ఒరుసుకుంటూ దూరాల్సిన తిరుగుడు గేటు, వేల చేతులు తాకి నున్నబడిన కమ్మీ, మూత్రశాల గోడ. అవును, మూత్రశాల గోడ. పదేళ్ల తర్వాత మీ మిత్రులంతా ముందు వెతికే ఫొటో అదే.

ఒక జాగ్రత్త. ఒకే చోట నిలబడి రెండు ఫొటోలు తీయండి, స్టాండు నిండుగా ఉన్నప్పుడు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి. రెండోది స్టేడియం పర్యటనలో దొరుకుతుంది. మీ సీటులో కూర్చుని, కళ్ల ఎత్తులో, జూమ్ లేకుండా తీసిన ఫొటో తప్పనిసరి. అడ్డంగా స్తంభం ఉంటే స్తంభంతో సహా తీయండి. ఇంటికి రాగానే తేదీ, స్టాండు పేరు, వరుస, సీటు నంబరు రాసి పెట్టుకోండి. రాయని ఫొటో మూడేళ్లలో ఏ గ్రౌండుదో తెలియని కాంక్రీటు మెట్టయిపోతుంది.

4. శబ్దాన్ని పట్టుకోండి

దీన్ని దాదాపు అందరూ మరచిపోతారు. కొత్త స్టేడియంలో సీట్లు మెరుగ్గా ఉంటాయి, దారులు వెడల్పుగా ఉంటాయి, కానీ పాత రేకుల కప్పు కింద కేక తిరిగొచ్చే తీరు రాదు. కప్పు కిందికి ఉండి, స్టాండు గీతకు ఆనుకుని ఉన్న పాత గ్రౌండుల హోరు ఆ కొలతల్లోంచి పుట్టింది. కొలతలు మారితే హోరూ మారుతుంది.

ఫోనులోని రికార్డర్ చాలు. ఫోను మధ్యలో మోగకుండా విమాన మోడ్‌లో పెట్టండి. జేబులో పెడితే బట్ట రాపిడి తప్ప మరేమీ వినబడదు, కాబట్టి చేతిలోనో ఒళ్లోనో పెట్టుకోండి. మైకు రంధ్రాన్ని గాలికి ఎదురుగా ఉంచకండి. గోలు అరుపు ఎలాగూ పగిలినట్టు రికార్డవుతుంది, దాని గురించి బెంగ వద్దు. కావాల్సినవి చిన్నవి: జట్లు బయటకు వచ్చే ముందరి రెండు నిమిషాల గుసగుస, తిరుగుడు గేటు కటకట, పేర్లు చదివే గొంతు, జట్టు మైదానంలోకి వచ్చేటప్పుడు వేసే బాణీ. గుడిసన్‌లో జట్టు ‘జెడ్ కార్స్’ అనే పాత టీవీ సీరియల్ బాణీకి బయటికి వచ్చేది. ఆ బాణీని ఎక్కడైనా వినవచ్చు. ఆ స్పీకర్లలోంచి, ఆ చెక్క సీట్ల మధ్య విన్నది మాత్రం రికార్డు చేసుకున్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

5. ఒక పెద్దాయనను వెంట తీసుకెళ్లండి

మోకాళ్ల నొప్పులతో మ్యాచ్‌లకు రావడం మానేసినవాళ్లు ప్రతి క్లబ్బుకూ ఉంటారు. అలాంటివారిని ఒకరిని సొంత ఆఖరి మ్యాచ్‌కు తీసుకెళ్లండి. మెట్లు ఎక్కలేకపోతే ముందుగానే క్లబ్బుకు ఫోను చేసి కింది వరుసలో సీటు అడగండి. చాలామంది సిబ్బంది ఇలాంటి మాటకు కరుగుతారు.

వారిని ‘మీ అనుభవాలు చెప్పండి’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరూ మంచి జవాబు చెప్పలేరు. చిన్నవి అడగండి. మొదటిసారి ఎవరు తీసుకొచ్చారు? అప్పుడు ఎక్కడ నిలబడ్డారు? ఆ స్టాండుకు పాత పేరేమిటి? వర్షం వస్తే ఏం చేసేవాళ్లు? ఎవరి పక్కన కూర్చునేవారు, వాళ్లిప్పుడు ఏమయ్యారు? చివరి ప్రశ్న దగ్గర కాసేపు మౌనం ఉంటుంది. దాన్ని మీరు నింపకండి.

ఇంకో సున్నితమైన సంగతి ఉంది. కొన్ని గ్రౌండుల అంచుల్లో అభిమానుల చితాభస్మం ఉంది. గుడిసన్ పార్క్ గీతల పక్కన అలా వందల మంది విశ్రమిస్తున్నారు. మీ ఇంటివారిది ఏదైనా మీ గ్రౌండులో ఉంటే, ఆ చోటు ఏమవుతుంది, స్మృతిచిహ్నం ఎక్కడ పెడతారు అన్నది వెంటనే రాతపూర్వకంగా అడగండి. కూల్చివేత గుత్తేదారు చేతికి తాళాలు వెళ్లాక అడిగితే జవాబు చెప్పేవారు ఉండరు.

6. గుర్తుగా ఏం తెచ్చుకోవాలి, ఏం తెచ్చుకోకూడదు

స్పానర్ జేబులో వేసుకుని వెళ్లకండి. సీటు ఊడబీకడం దొంగతనం. పైగా ఊడిన సీటు కింద మిగిలే బోల్టు పక్కవారి కాలు చీరుతుంది. చాలా క్లబ్బులు సీట్లు, పలకలు, గేట్లు తామే అమ్ముతాయి లేదా వేలం వేస్తాయి. సీజన్ టికెట్ ఉన్నవారికి తమ సీటే కొనుక్కునే హక్కు ఇస్తారేమో ముందే కనుక్కోండి. కొనే ముందు ఒక్కసారి ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారో కూడా ఆలోచించండి. ప్లాస్టిక్ సీటు ఒక్కటే నిలబడదు, దానికి ఇనుప చట్రం కావాలి.

గడ్డి ముక్క గురించి ఒక హెచ్చరిక. కుండీలో పెట్టి కాపాడవచ్చు, కానీ వారానికోసారి కత్తిరించి రోజూ ఎండ చూపించాలి. అది తోటమాలి పని, అభిమానిది కాదు. పెద్ద గ్రౌండుల్లో ఇప్పుడు గడ్డితో పాటు ప్లాస్టిక్ పోగులు కూడా కుట్టి ఉంటాయి కనుక మీ కుండీలో చివరికి మిగిలేది అవే కావచ్చు. చిన్న సీసాలో మట్టి నయం. అది కూడా క్లబ్బు ఇస్తేనే.

టికెట్ మాత్రం కచ్చితంగా దాచుకోండి, దాచే పద్ధతి తెలుసుకుని దాచుకోండి. బిల్లుల కాగితం లాంటి థర్మల్ కాగితంపై ముద్రించిన టికెట్ వెలుతురుకు, వేడికి కొన్నేళ్లలో తెల్లబడిపోతుంది. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి నల్లబడుతుంది. ఎందరో అభిమానులు ప్రేమతో చేసే తప్పు ఇది. వచ్చిన రోజే స్కాన్ చేసి, అసలును కాగితపు కవరులో చీకటి అరలో పెట్టండి. ఫోనులోనే టికెట్ అయితే మ్యాచ్ ముగిసేలోగా స్క్రీన్‌షాట్ తీయండి. యాప్‌లు పాత టికెట్లను మనల్ని అడక్కుండా తీసేస్తాయి.

క్లబ్బు ఏది వెంట తీసుకెళ్తుందో కూడా కనుక్కుని, సరిపోదనిపిస్తే గొంతెత్తండి. సండర్లాండ్ 1997లో రోకర్ పార్క్ వదిలినప్పుడు పాత నాయకుడు చార్లీ హర్లీ చేత మైదానం నడిమధ్య మట్టిని తవ్వించి కొత్త స్టేడియానికి తీసుకెళ్లింది. స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో క్లబ్బు పాత గ్రౌండు సాన్ మామెస్ కప్పు మీది తెల్లటి కమాను ఇప్పుడు క్లబ్బు శిక్షణ కేంద్రం లెసామాలో నిలబడి ఉంది. ఆర్సెనల్ గడియారం పాత గ్రౌండు హైబరీ నుంచి కొత్త ఇంటికి వెళ్లింది. ఇలాంటివి అడిగితేనే జరుగుతాయి. అడగడానికి అభిమానుల సంఘం మంచి దారి.

7. ఆఖరి రోజు, టికెట్ దొరికితే

రోజంతా ఖాళీ ఉంచుకోండి. అప్టన్ పార్క్ ఆఖరి రాత్రి వీధుల్లో జనం క్రిక్కిరిసిపోయారు, యునైటెడ్ బస్సు మీద సీసాలు పడ్డాయి, ఆట 45 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. చివరి బస్సు పట్టుకోవాలన్న ఆత్రం ఉన్నవారికి ఆ 45 నిమిషాలు నరకం. అంత జనంలో ఫోన్లు పనిచేయవు కనుక మ్యాచ్ తర్వాత కలుసుకునే చోటూ సమయమూ ముందే అనుకోండి. ‘గేటు దగ్గర’ అంటే సరిపోదు, ఏ గేటో, ఏ వైపో చెప్పుకోండి.

ఓటమికి సిద్ధపడండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మాంచెస్టర్ సిటీ 80 ఏళ్లు ఆడిన మెయిన్ రోడ్‌లో చివరి మ్యాచ్‌ను, 2003 మే 11న, సౌతాంప్టన్ చేతిలో 0–1తో ఓడింది. సాన్ మామెస్‌లో చివరి లీగ్ మ్యాచ్ కూడా 2013లో లెవాంతె చేతిలో అదే స్కోరుతో పోయింది. ఆర్సెనల్ ఆటగాడు థియెరీ ఆన్రీ హైబరీ చివరి రోజున, 2006 మే 7న, విగన్‌పై హ్యాట్రిక్ కొట్టి మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని ముద్దాడినట్టు మీ గ్రౌండులోనూ జరగాలని కోరుకోండి. జరగకపోతే గ్రౌండు తప్పు కాదు.

గడ్డి మీదికి దూకాలా వద్దా? వద్దు. దూకేవాళ్లు ఎలాగూ దూకుతారు, కానీ వాళ్ల వల్ల పాత ఆటగాళ్ల ఊరేగింపు ఆలస్యమవుతుంది, చిన్నపిల్లలు తొక్కిసలాటలో పడతారు. మీ సీటులోంచి చూస్తేనే అంతా కనబడుతుంది. 2017 మే 14న టోటెన్‌హామ్ పాత గ్రౌండు వైట్ హార్ట్ లేన్‌లో వీడ్కోలు వేడుక జరుగుతుంటే స్టేడియం మీద ఇంద్రధనుస్సు విరిసింది. తలెత్తి ఉన్నవాళ్లకే అది దక్కింది.

8. టికెట్ లేనివారు, ఎన్నడూ వెళ్లనివారు

ఆ గ్రౌండును టీవీలో మాత్రమే చూసిన అభిమానులు లక్షల్లో ఉన్నారు. ‘నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు, నాకెందుకు బాధ’ అని వీళ్లు సిగ్గుపడతారు. అక్కరలేదు. మీ గ్రౌండు ప్రధాన కెమెరా కోణంలో ఉంది. గోలు వెనక ఉన్న ప్రకటన పలక, ఎండ సగం మైదానాన్నే తాకే గంట, దూరపు స్టాండు వెనక కనబడే ఇళ్ల కప్పులు, ఇవన్నీ మీకు మీ వీధిలా తెలుసు. ఆ కోణం కూడా గ్రౌండుతోనే పోతుంది.

మీరు చేయాల్సింది కొంచెమే. మొదట చూసిన మ్యాచ్ ఏదో, ఎవరితో చూశారో, ఏ గదిలో చూశారో ఒక కాగితం మీద రాయండి. ఆఖరి మ్యాచ్‌ను ఒంటరిగా చూడకండి, ఒక్కరినైనా పిలుచుకోండి. ఆట ముగిశాక వేడుక అయ్యేదాకా టీవీ కట్టేయకండి.

9. తర్వాత

కూల్చివేత చూడటానికి వెళ్లాలా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. సగం విరిగిన స్టాండు చూసి నెలల తరబడి అదే కళ్లలో మెదిలేవాళ్లు ఉన్నారు. అనుమానంగా ఉంటే వెళ్లకండి. కొత్త స్టేడియానికి మొదటి రోజు వెళ్లేటప్పుడు పాత మ్యాచ్‌ల మిత్రులతోనే వెళ్లండి. ఆ రోజు దాన్ని పాతదానితో పోల్చకుండా ఉండటం ఎవరి తరమూ కాదు కనుక ఆ ప్రయత్నం మానుకోండి.

పాత చోటుకు ఒక ఏడాది గడిచాక వెళ్లండి. అప్పటికి గాయం కొంత మానుతుంది, స్థలం ఏ రూపం తీసుకుంటుందో తెలుస్తుంది. హైబరీ ఇప్పుడు నివాస భవనాలు, ఆన్రీ ముద్దాడిన పచ్చిక వాటి మధ్య తోట. ది డెల్ ఉన్నచోటి ఇళ్ల సముదాయాలకు పాత ఆటగాళ్ల పేర్లు పెట్టారు. మిడిల్స్‌బ్రో వాళ్ల ఐర్సమ్ పార్క్‌లో ఇళ్లు వచ్చాయి, కానీ 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా ఆటగాడు పాక్ డూ ఇక్ ఇటలీపై గోలు కొట్టిన చోట బూటు ముద్రను కంచులో పోత పోసి నేలలో ఉంచారు. రోకర్ పార్క్ స్థలంలో వీధుల పేర్లే ఫుట్‌బాల్ మాటలు.

వెళ్లేటప్పుడు మీ పాత సీటు ఫొటో వెంట ఉంచుకోండి. దిక్కులు చూసుకుని, అడుగులు కొలుచుకుని, అది ఎవరి వంటింట్లో పడుతుందో దాదాపుగా కనుక్కోవచ్చు. తలుపు మాత్రం తట్టకండి. అక్కడ ఉండేవాళ్లకు మీలాంటివాళ్లు వారానికి ఇద్దరైనా కనబడుతూనే ఉంటారు.